బెంగళూరులో ఉద్యోగం చేస్తూ తెలుగు కథలు రాసేవాళ్లకు: సొంత అచ్చు, చిన్న ప్రచురణ సంస్థ, యాప్, ఆడియోలలో ఏ దారి?

మారతహళ్లిలో మేముండే ఫ్లాట్‌లో మంచం కింద ఇప్పటికీ రెండు అట్టపెట్టెలు ఉన్నాయి. నా మొదటి కథల పుస్తకం ప్రతులవి. 500 వేయించాను. డెమీ సైజు, 160 పేజీలు, పదహారు పేజీల ఫారం లెక్కన పది ఫారాలు. ఒక్కో ప్రతి 190 గ్రాములు తూగుతుంది, అంటే మొత్తం 95 కిలోలు. విజయవాడ నుంచి బస్సు పార్సిల్‌లో మడివాళకు వస్తే, తెల్లవారుజామున మా ఆయనా నేనూ రెండు ఆటోల్లో ఇంటికి చేర్చాం. అచ్చయ్యేదాకా నేను డబ్బు గురించే ఆలోచించాను. ఎంత పని మీద పడుతుందో లెక్క వేసుకోలేదు.

రెండో పుస్తకం ఒక చిన్న ప్రచురణ సంస్థ తెచ్చింది. మధ్యలో ఒక నవలను యాప్‌లో సీరియల్‌గా పెట్టాను. ఈ మూడూ అయ్యాక ఎవరైనా వచ్చి "ఏ దారి మంచిదక్కా?" అని అడిగితే నేను ఖర్చుతో మొదలుపెట్టను. వారంలో మీకు ఎన్ని సాయంత్రాలు మిగులుతాయి, ఆ సాయంత్రాల్లో రాత కాకుండా ఇంకే పని ఇష్టంగా చేయగలరు అని అడుగుతాను. డబ్బు చాలకపోతే ఓ ఏడాది ఆగి కూడబెట్టుకోవచ్చు. కథ రాసుకోవాల్సిన సాయంత్రాలు పార్సిళ్లు కట్టడానికి పోతే మాత్రం మళ్లీ తెచ్చుకోలేం. ఏ దారినైనా నేను ఈ లెక్కతోనే తూస్తాను.

సొంతంగా అచ్చు వేయించుకుంటే

తెలుగులో ఇది కొత్త పద్ధతేమీ కాదు. పాత కథల పుస్తకాలు, కవితల పుస్తకాలు తిరగేయండి. మొదటి పేజీల్లో ఎక్కడో "ప్రతులకు" అని ఉండి, కింద రచయిత ఇంటి చిరునామా ఉంటుంది. మనకంటే ముందు తరాలవాళ్లు కూడా సొంత డబ్బు పెట్టుకుని, చేతిసంచిలో పుస్తకాలు వేసుకుని తిరిగినవాళ్లే. వాళ్లలో చాలామంది పుస్తకాల షాపులున్న ఊళ్లలోనో, ఆ దగ్గర్లోనో ఉండేవాళ్లు. మనం బెంగళూరులో ఉన్నాం. తెలుగు పుస్తకాల బజారు హైదరాబాదు, విజయవాడల్లో ఉంది. సొంత ప్రచురణలో మన పని పెరిగేది ఈ దూరం వల్లే.

మొదటి భారం డీటీపీ, అంటే కంప్యూటర్లో పేజీలు కట్టించడం, ఆ తర్వాత ప్రూఫులు దిద్దడం. నేను యూనికోడ్‌లో టైపు చేస్తాను. ప్రెస్సుల్లో చాలాచోట్ల ఇప్పటికీ పేజ్‌మేకర్, యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే నడుస్తున్నాయి. యూనికోడ్‌లోంచి అనులోకి మార్చేటప్పుడు జరిగే నష్టం ఎలా ఉంటుందో ఒక్క మాటతో చెబుతాను. నేను "ఆఫీస్‌లో" అని రాశాను. ప్రూఫులో "ఆఫీస్లో" అయి, సకారం కింద లకారం వత్తు కూర్చుంది. "సాఫ్ట్‌వేర్"లో టకారం కింద వకారం చేరింది. రెండు అక్షరాలను విడిగా నిలబెట్టే కనబడని గుర్తు ఒకటి ఉంటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మార్పిడిలో అది రాలిపోయింది. బెంగళూరు కథల్లో ఇలాంటి మాటలు పేజీకి పది ఉంటాయి. 160 పేజీలు మూడుసార్లు దిద్దాను. ఒక్కో విడతకు పది రోజులు, రాత్రి వంటిల్లు సర్దుకున్నాక కూర్చునేదాన్ని. రెండో విడతలో నేను దిద్దిన చోట పక్క లైను జరిగి కొత్త తప్పు వచ్చేది.

ఇప్పుడైతే రెండు జాగ్రత్తలు తీసుకుంటాను. ఇన్‌డిజైన్‌లో నేరుగా యూనికోడ్‌తోనే పేజీలు కట్టేవాళ్లను వెతుకుతాను. సిలికానాంధ్ర ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు ఉన్నాయి కదా, లోపలి పేజీలకు మండలి, శీర్షికలకు రామభద్ర చక్కగా సరిపోతాయి. రెండోది, ప్రూఫు చూడడానికి డబ్బిచ్చి మనిషిని పెట్టుకుంటాను. రాసినవాళ్ల కంటికి తమ తప్పు కనపడదు. అక్కడ ఏముండాలో మనసుకు ముందే తెలుసు కాబట్టి కన్ను అదే చదువుకుని వెళ్లిపోతుంది. ముఖచిత్రం మీద ఖర్చు తగ్గించుకోమన్నా తగ్గించుకుంటాను గానీ దీని మీద తగ్గించను.

ఐఎస్‌బీఎన్ అనే పుస్తకాల గుర్తింపు సంఖ్య గురించి అనవసరంగా భయపడేవాళ్లను చాలామందిని చూశాను. రాజా రామ్మోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. సొంత ప్రచురణ రచయితలూ తీసుకోవచ్చు. దీనికి డబ్బు అడిగేవాళ్లు తమ చేతిపనికి అడుగుతున్నారని అర్థం చేసుకోండి. అచ్చు పుస్తకానికి ఒకటి, ఈ-బుక్‌కు వేరే ఒకటి కావాలి. పుస్తకం డీటీపీలో ఉండగానే దరఖాస్తు పెట్టేస్తే చివర్లో దాని కోసం ప్రెస్సు ఆపాల్సిన పని ఉండదు.

మరో బాధ్యతను చాలామంది మరిచిపోతారు. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం ప్రచురించినవాళ్లు 30 రోజుల్లోగా కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై, ఢిల్లీల్లో నిర్ణయించిన గ్రంథాలయాలకు ప్రతులు పంపాలి. సొంతంగా వేసుకుంటే ఆ ప్రచురణకర్త మీరే. నాలుగు పార్సిళ్లే కాబట్టి మొదటి వారంలోనే పంపేయండి. మన పుస్తకం మన తర్వాత కూడా ఎక్కడో భద్రంగా ఉంటుందన్న సంతోషం నాకు ఆవిష్కరణ సభ కంటే దీనివల్లే ఎక్కువ కలిగింది.

ఇక అమ్మకం. షాపులు 40 శాతం అడగడం మామూలే. పుస్తకం ధర 150 అనుకోండి, మీకు 90 వస్తుంది. అచ్చుకు ప్రతికి 70 పడిందనుకుంటే మిగిలేది 20. బెంగళూరు నుంచి హైదరాబాదుకు పార్సిల్ ఖర్చు అందులోంచే పోవాలి. ఆ 90 కూడా అమ్ముడుపోయాకే వస్తుంది, అదీ మీరు ఫోన్ చేసి గుర్తు చేస్తేనే. నేను ఒక షాపుకు 30 ప్రతులిచ్చి, ఏడాదిలో ఆరుసార్లు ఫోన్ చేశాను. చివరికి 12 ప్రతుల డబ్బు వచ్చింది. మిగతావి ఏమయ్యాయో వాళ్ల దగ్గర లెక్క లేదు. ఆ ఫోన్లు చేయడానికి ముందు ప్రతిసారీ నన్ను నేను కూడగట్టుకోవాల్సి వచ్చేది. అడగడం మొహమాటమైన మనుషులకు ఈ దారి చాలా బరువు, ఈ మాట మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

నేరుగా పాఠకులకు అమ్మితే డబ్బు ఎక్కువ మిగులుతుంది, పని అంతకంటే ఎక్కువ ఉంటుంది. ఒక మామూలు శనివారం చెబుతాను. వాట్సాప్‌లో తొమ్మిది మెసేజ్‌లు. "అమౌంట్ పంపానండి" అని స్క్రీన్‌షాట్, దాని మీద ఉన్నది వాళ్లబ్బాయి పేరు. మరొకరి అడ్రసులో వీధి, గుడి, గుడి ఎదురు సందు అన్నీ ఉన్నాయి, పిన్‌కోడ్ లేదు. ఒకాయన మూడు ప్రతులకు పంపి ఒకదాని మీద తన మేనకోడలి పేరు రాసి సంతకం పెట్టమన్నారు. నోటుపుస్తకంలో పేరు, ఫోను, డబ్బు వచ్చిందా, పంపానా, చేరిందా అని గళ్లు గీసుకున్నాను. ఆ మధ్యాహ్నం మొత్తం కవర్లు, టేపు, మార్కర్ పెన్నుతోనే గడిచింది. అందులో ఆనందం ఉంది, లేదనను. కర్నూలు నుంచి ఒక పెద్దావిడ పుస్తకం చేరిందని ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. అయినా పుస్తకం వచ్చాక నాలుగు నెలలు నేను కొత్త కథ ఒక్కటీ మొదలుపెట్టలేదు.

పోస్టు విషయంలో ఇప్పుడు కొంత వెసులుబాటు ఉంది. పాత రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది గానీ, 2025 మే 1 నుంచి తపాలా శాఖ జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్నులు అదనం. ట్రాకింగ్ ఉంటుంది. రోడ్డు, రైలు మార్గాల్లోనే వెళ్తుంది కాబట్టి ఆలస్యమవుతుందని పాఠకులకు ముందే చెప్పండి. పుస్తకం మీద ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు. విద్య, సామాజిక, సాంస్కృతిక, ధార్మిక పుస్తకాల కోసం అని నిబంధన కనుక, ఒక ప్రతి పట్టుకెళ్లి కౌంటర్లో చూపించి మాట తీసుకున్నాకే పోస్టేజీ ధర ప్రకటించండి.

అమెజాన్‌లో విక్రేతగా చేరడానికి జీఎస్టీ నంబరు ఉండాలేమోనని కొందరు వెనకాడతారు. అచ్చు పుస్తకాల మీద జీఎస్టీ లేదు. పుస్తకాలు మాత్రమే అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, పాన్ ఉంటే చాలు. వాళ్ల కోతలన్నీ పోను చిన్న ధర పుస్తకానికి మిగిలేది తక్కువ. విదేశాల నుంచి స్వదేశంలోని తల్లిదండ్రులకు కొనిపెట్టేవాళ్లకు మాత్రం బాగా ఉపయోగపడుతుంది.

ప్రింట్ ఆన్ డిమాండ్

మంచం కింద పెట్టెలు వద్దనుకునేవాళ్లకు ఇది ఉంది. ఎవరైనా కొన్నప్పుడే ఒక ప్రతి అచ్చవుతుంది, వాళ్లే పంపుతారు. ఈ పని చేసే పోతీ.కామ్ 2008 నుంచి మన బెంగళూరులోనే ఉంది. నోషన్ ప్రెస్ చెన్నైది. పార్సిళ్లు, వసూళ్లు, నిల్వ అన్నీ మీ నెత్తి మీద నుంచి దిగిపోతాయి. ప్రతికి ఖర్చు ఎక్కువ పడుతుంది గనుక ధర ఎక్కువ పెట్టాలి. తెలుగు షాపుల్లో ఈ పుస్తకాలు కనపడవు. పీడీఎఫ్ మీరే తయారు చేసి ఇవ్వాలి కాబట్టి పైన చెప్పిన డీటీపీ, ప్రూఫు తిప్పలు అలాగే ఉంటాయి.

ప్యాకేజీల దగ్గర మాత్రం ఆగండి. ఎడిటింగ్, కవర్, ప్రచారం అన్నీ కలిపి ఒక మొత్తం చెబుతారు. మా స్నేహితురాలు అలా ఒకచోట కట్టింది. ఎడిటింగ్ అని తిరిగొచ్చిన ఫైలులో కామాలు మారాయి గానీ, తెలుగు చదివిన మనిషి చేయి పడిన ఆనవాలు ఒక్కటీ లేదు. ప్రచారం అంటే ఇంగ్లిషులో ఒక పోస్టరు. తెలుగు ప్రూఫు ఎవరు చూస్తారు, వాళ్లతో నేను మాట్లాడవచ్చా అని అడగండి. సూటిగా జవాబు రాకపోతే డబ్బు కట్టొద్దు.

కిండిల్ సంగతి కూడా చెప్పాలి. 2016లో అమెజాన్ ఐదు భారతీయ భాషల్లో ఈ-బుక్స్ మొదలుపెట్టినప్పుడు తమిళం, మలయాళం, హిందీ, మరాఠీ, గుజరాతీ ఉన్నాయి, తెలుగు లేదు. ఆ తర్వాత మా ఆఫీసులో తమిళంలో రాసే మిత్రుడు రాత్రికి రాత్రి తన నవల పెట్టేసుకున్నాడు, నేను చూస్తూ ఉండిపోయాను. ఆ దారిలో వెళ్లాలనుకుంటే ఫైలు తయారీకి ఖర్చు పెట్టకముందే వాళ్ల భాషల జాబితా తెరిచి చూసుకోండి.

చిన్న ప్రచురణ సంస్థ

గత పదేళ్లలో తెలుగు కథకు జరిగిన మంచిలో పెద్దవాటా వీళ్లదే. ఛాయ, అన్వీక్షికి, ఆజు లాంటి సంస్థలు కొత్తవాళ్లను పట్టుదలగా అచ్చు వేస్తున్నాయి. నా రెండో పుస్తకం అనుభవాన్ని బట్టి చెప్పాలంటే, డీటీపీ నుంచి షాపుల దాకా వాళ్లు చూసుకున్నారు. డిసెంబరు హైదరాబాదు పుస్తక ప్రదర్శనలో, జనవరి విజయవాడ పుస్తక మహోత్సవంలో నా పుస్తకం బల్ల మీద ఉంది. సెలవు పెట్టి రెండు ఊళ్లూ తిరిగితే సొంతంగా నేను చేయగలిగేదాని కంటే అది చాలా ఎక్కువ. బదులుగా నేనిచ్చింది ఓపిక. రాతప్రతి ఇచ్చిన పద్నాలుగు నెలలకు పుస్తకం చేతికొచ్చింది.

ప్రచారం సగం మన మీదే ఉంటుంది. ఫేస్‌బుక్‌లో రాయడం, సభలకు వెళ్లడం, పత్రికల సమీక్షలకు రెండేసి ప్రతులు చేరాయో లేదో కనుక్కోవడం మనమే చేయాలి. ప్రచురణ ఖర్చులో మీ వాటా ఏమైనా ఉందా, మీరే ఇన్ని ప్రతులు కొనాలా అన్నది మొదటి మాటల్లోనే తేల్చుకోండి. మొహమాటపడితే పుస్తకం వచ్చాక మనసు కష్టపెట్టుకోవాల్సి వస్తుంది.

కాగితం మీద సంతకం ముఖ్యం. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లు అని లెక్క. ఏ ప్రాంతానికి వర్తిస్తుందో రాయకపోతే భారతదేశం వరకే. హక్కు తీసుకుని ఏడాదిలోగా వాడుకోకపోతే, ఒప్పందంలో వేరేగా రాసుకుంటే తప్ప, అది రద్దయినట్టే. ఈ సంగతులు తెలిసి మాట్లాడితే ఎదుటివాళ్లు కూడా మనల్ని గౌరవంగానే చూస్తారు. ఆడియో, సినిమా, అనువాద హక్కులు అచ్చు హక్కుతో కలిపి ఇవ్వకండి.

ఆవిష్కరణ సభల గురించి నా అభిప్రాయం కాస్త కఠినంగా ఉంటుంది. వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి లాంటి చోట సభ పెట్టుకుంటే మనసు నిండుతుంది, బెంగళూరు తెలుగువాళ్లు నలుగురు కలుస్తారు. కానీ వక్తలను ఒప్పించడం, శాలువాలు, టిఫిన్లు, మైకు, అతిథిని స్టేషన్ నుంచి తేవడం కలిపితే నాకు మూడు వారాలు పట్టింది. ఆరోజు అమ్ముడైనవి 22 ప్రతులు. పుస్తక ప్రదర్శనలో ఒక ఆదివారం ఎవరో ఒకరి స్టాల్లో నిలబడితే అంతకంటే ఎక్కువే పోతాయి, పైగా కొనేవాళ్లు పేజీలు తిప్పి చూసి కొంటారు. సభా, ప్రదర్శనా రెండూ చేసే సత్తువ లేకపోతే ప్రదర్శనకు వెళ్లండి.

యాప్‌లో సీరియల్

ప్రతిలిపి 2014లో బెంగళూరులోనే పుట్టింది, తెలుగు పాఠకులు అందులో బాగా ఉన్నారు. ఖర్చు లేదు, డీటీపీ లేదు. రాత్రి పది గంటలకు అధ్యాయం పెడితే పొద్దున ఆఫీసు క్యాబ్ ఎక్కేసరికి కామెంట్లు వచ్చేస్తాయి. ఇక్కడ పని వేరే రకంగా ఉంటుంది. రోజూ రాయాలి. నాలుగు రోజులు ఆగితే చదివేవాళ్లు చెదిరిపోతారు. నవల మొదటి నెలంతా నేను ఉత్సాహంగా రాశాను. ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం మాత్రం ఒకే అధ్యాయాన్ని రెండుగా తుంచి పెట్టాను. చదివేవాళ్లు వెంటనే పసిగట్టారు. ముప్పై అధ్యాయాలు ముందే రాసిపెట్టుకుని మొదలుపెట్టి ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

ఒక చిక్కు ఉంది. వార, మాస పత్రికలు, కథల పోటీలు హామీపత్రం అడుగుతాయి, ఈ రచన ఇంతకుముందు ఏ పత్రికలోనూ వెబ్‌లోనూ సోషల్ మీడియాలోనూ రాలేదని రాసి సంతకం పెట్టాలి. యాప్‌లో పెట్టిన కథకు ఆ హామీ ఇవ్వలేం. అందుకే చిన్న కథలను ముందు పత్రికలకే పంపండి. మలుపులతో నడిచే పెద్ద నవలలకు, కుటుంబ కథలకు, దెయ్యాల కథలకు యాప్ బాగా నప్పుతుంది.

ఆడియోను బెంగళూరులో ఉన్న మనం తేలిగ్గా వదిలేయకూడదు. మా పై ఫ్లోర్‌లో ఉండే ఆంటీ పుట్టింది ఈ ఊళ్లోనే, ఇంట్లో మాట్లాడేది తెలుగే, చదువుకుంది కన్నడ మీడియంలో. నా పుస్తకం అభిమానంగా కొని, "చదవడానికి రాదే తల్లీ, నువ్వే వినిపించు" అన్నారు. ఈ నగరంలో ఇలాంటి తెలుగు ఇళ్లు చాలా ఉన్నాయి. దాసుభాషితం, పాకెట్ ఎఫ్ఎం వంటి ఆడియో యాపుల్లో తెలుగు వినేవాళ్లు ఉన్నారు. సొంతంగా చదివి రికార్డు చేయాలంటే మాత్రం ఇరవై నిమిషాల కథకు నాకు రెండు రాత్రులు పట్టింది. వీధికుక్కలు, పక్కింటి బోరు మోటారు, ఫ్యాన్ ఆపితే చెమట. గొంతు మీద నమ్మకం, ఇంట్లో ఒక నిశ్శబ్దమైన గది ఉన్నవాళ్లకు ఇది అచ్చు కంటే తక్కువ పని.

ఎవరికి ఏది

మొన్న వరుసగా ఇద్దరు అడిగారు. ఒకరు మా టీంలో కొత్తగా చేరిన తమ్ముడు. అరవై అధ్యాయాల హారర్ నవల, సగం రాశాడు. పెళ్లి కాలేదు, రాత్రులు ఖాళీ, విమర్శ వస్తే తట్టుకుంటాడు. యాప్‌లో పెట్టమన్నాను, సగం కాదు, మూడొంతులు అయ్యాక మొదలుపెట్టమన్నాను. చదివేవాళ్లు కుదురుకున్నాక అచ్చు గురించి చూద్దాం అన్నాను.

ఇంకొకరు హిందూపురంలో టీచరుగా రిటైరై, కూతురి దగ్గరికి కేఆర్ పురం వచ్చిన అమ్మ. పద్నాలుగు కథలు, ఎక్కువ భాగం పత్రికల్లో వచ్చినవే, కత్తిరించి ఫైల్లో పెట్టుకున్నారు. 500 వేయిద్దామని ఆమె పట్టుదల. తెలిసినవాళ్లు, పాత విద్యార్థులు, కథలు చదివి ఉత్తరాలు రాసినవాళ్లు ఎవరెవరు కొంటారో పేర్లు రాయమన్నాను. 83 పేర్లు వచ్చాయి. డిజిటల్ ప్రింటింగ్‌లో ముందు వంద వేయించుకుందామని చెప్పాను. ప్రతికి ఖర్చు ఎక్కువైనా ఇంట్లో నిల్వ ఉండదు, పోస్టు పని ఒక నెలలో అయిపోతుంది. అదే సమయంలో ఒక చిన్న సంస్థకు కూడా చూపిద్దాం, వాళ్లు తీసుకుంటే రెండో ముద్రణ వాళ్లదే అన్నాను. కూతురు ఐఎస్‌బీఎన్ దరఖాస్తు పెట్టింది. కథల్లో పదకొండు టైపయ్యాయి. మొదటి ప్రూఫు ఆమె చూసుకున్నారు, రెండోది ఆదివారాలు కూర్చుని నేను చూస్తున్నాను.